తువ్వాలు కింది చెయ్యి

హిందూపురం పశువుల సంతలో ఉలిగప్ప పేరుమోసిన దళారి. ఆ సంతలో ధర నోటితో చెప్పరు. కొనేవాడి చేతిని తువ్వాలు కింద పట్టుకుని, వేళ్లు నొక్కి బేరమాడతారు. ఉలిగప్పకు ఆ చెయ్యి పట్టుకుంటే చాలు, మనిషి కొనడానికి ఎంత దూరంలో ఉన్నాడో తెలిసిపోయేదట. అరచెయ్యి చెమర్చిందా, కొనడానికి దగ్గరపడ్డాడు. చల్లగా, వదులుగా ఉందా, ఊరికే పొద్దుపుచ్చుతున్నాడు. ఈ విద్యలో తనను మించినవాడు మడకశిర దాకా లేడని అతని నమ్మకం. నమ్మకం ఉండొచ్చు గానీ, మరీ అంత ఉండకూడదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు వానలు మొహం చాటేశాయి. లేపాక్షి పక్క పల్లె నుంచి మారక్క తన ఒంటెద్దును సంతకు తోలుకొచ్చింది. మొగుడు పోయాడు, ఇంట్లో గడ్డిపోచ లేదు. పలుపు చేతిలో బిగించి పట్టుకునే మాట్లాడింది.

"ఉలిగప్పా, మడక కట్టి దున్నే ఇంటికే ఇయ్యి. కోతకు మాత్రం వద్దు."

"నాకు ఇడువు మారక్కా," అన్నాడు ఉలిగప్ప. అంత సులువుగా మాట ఇచ్చేశాడు, మహానుభావుడు.

కొనడానికి వచ్చిన ఇద్దరిలో ఒకడు పశువులను కసాయి కోతకు లారీలకెక్కించే బేరగాడు. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా, చెమటగా తగిలింది. ఉలిగప్ప గతుక్కుమన్నాడు. రెండోవాడు కొత్తచెరువు రైతు నరసింహులు. కొమ్ము వంకరన్నాడు, గంగడోలు సన్నమన్నాడు, పోయినట్టే పోయి మళ్లీ వచ్చాడు. చెయ్యి మాత్రం చల్లగా, ప్రాణం లేనట్టుంది. ఉలిగప్పకు ఒళ్లు మండింది.

పొద్దు వాలింది. సంత పలచబడింది. ఉలిగప్ప మారక్క దగ్గరికి వచ్చి తల గోక్కున్నాడు.

"కొనేవాడు ఆ లారీవాడొక్కడే మారక్కా. మళ్లా ఇంటికి తోలుకపోయి ఏం పెడతావు దీనికి?"

"ఆ కొత్తచెరువాయప్ప కొంటాడు."

"చెయ్యి చూసినా కదా. వాడు కొనే మనిషి కాదు."

"చెయ్యి ఇడిసిపెట్టు. వచ్చినప్పుడల్లా ఎద్దుకు కుడిపక్కనే నిలబడతాండాడు. మూపురం తన భుజానికి యాడికి వస్తాదో చూసుకుంటాండాడు. ఇంటికాడ ఇంకొకటి ఉండాది, దానికి జత చూస్తాండాడు."

ఉలిగప్ప బండి నీడన కూర్చున్న నరసింహులు దగ్గరికి పోయి మెల్లగా అడిగాడు.

"ఏమప్పా, ఇంటికాడ కుడివైపు కట్టేది ఉండాదా?"

నరసింహులు లేచి ఎద్దు వైపు చూశాడు.

"ఉండాది. ఎడమది మొన్న పాము కరిచి సచ్చిపాయె. దాని జాగాలో ఇంకోదాన్ని నిలబెట్టాలంటే చెయ్యి రాలేదప్పా."

ఈసారి తువ్వాలు కింద బేరం ఎంతోసేపు పట్టలేదు. నరసింహులు చొక్కా ఎత్తి, నడుముకు చుట్టుకున్న కొత్త పలుపు విప్పాడు. పొద్దున్నుంచీ దాన్ని కట్టుకునే తిరుగుతున్నాడు. చేతులే చూసే ఉలిగప్పకు నడుము కనబడలేదు. సిగ్గుతో అటు తిరిగి తువ్వాలు దులుపుకున్నాడు.

అమ్మినవాళ్లు ఎద్దునిస్తారే గానీ పలుపు ఇవ్వరు. ఇస్తే అమ్మినవాళ్ల పశువుల కొట్టానికి మంచిది కాదని అందరూ పాటించే మాట. మారక్క పాత పలుపు విప్పి చుట్టచుట్టి సంచిలో పెట్టుకుంది. ఎద్దు మాత్రం కొత్త పలుపుతో అడుగు వెయ్యలేదు. నరసింహులు అదిలించాడు, బతిమాలాడు. అది మారక్క వైపే చూస్తూ నిలబడింది.

మారక్క సంచిలోంచి పాత పలుపు తీసింది.

"ఇయ్యగూడదు మారక్కా, కొట్టానికి మంచిది కాదు," అన్నాడు ఉలిగప్ప.

"కొట్టంలో ఇంకేముండాదని ఉలిగప్పా?" అంటూ ఆమె ఎద్దు మెడకు దాన్ని కట్టి, కొస నరసింహులు చేతిలో పెట్టింది.

ఎద్దు కదిలింది.