కాయల కాటా

బాపట్లలో డాక్టరమ్మ బరువు మిషను చూసింది, అంగన్‌వాడీ కార్డు చూసింది, కార్డును బల్ల మీదికి విసిరింది.

"ఏడో నెల. కార్డులో యాభై, మిషన్లో నలభై మూడు. ఏడు కిలోలు దారిలో పారేసుకొచ్చారా? లోపల బిడ్డ ఎదగట్లేదు. ఇంట్లో ఈ పిల్లకి తిండి పెడుతున్నారా, లేదా?"

ఏసమ్మ కార్డు తీసి కొంగులో పెట్టుకుంది. కోడలు క్రిస్టినా కంచంలో ముద్ద తగ్గించింది తనే. బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు సులువు, కత్తి పడదు అని పేటలో అత్తలందరూ చెప్పే మాటే తనూ చెప్పింది. కార్డులో నెలనెలా అంకె పెరుగుతుంటే, తిన్న కాస్తా ఒంటికి పడుతోందిలే అనుకుంది. కార్డు రాసింది సలోమి. పరాయిది కాదు, పేట పిల్ల. ఆ అంగన్‌వాడీ పోస్టు పెద్దల ఇళ్ళకు పోకుండా మూడు రోజులు ఎండలో ధర్నాకు కూర్చుని ఇప్పించింది ఏసమ్మ కూలి ముఠానే.

మర్నాడు జగన్నాథరావు వేరుశనగ చేలో ముఠా పని ఆపేసింది. కడుపుతో ఉన్న ఐదుగురి కార్డులూ ఏసమ్మ గట్టు మీద పరిచింది.

"చూడండే! కవలల్ని మోసేదానికీ నెలకి కిలోన్నరే. వాంతులతో మంచం పట్టినదానికీ కిలోన్నరే. ఐదుగురికీ ఒకటే పెరుగుడు!"

"అందుకా పిన్నీ, సలోమి గుడ్లు సగమే ఇచ్చి, బరువు బాగుందిగా సర్దుకోండంది?"

"మన పిల్లే మనల్ని ముంచిందా?"

"ముందు నిజం తేలనీ. ఎక్కు అమ్మాయ్!"

కాయల బస్తాలు తూచే కాటా అక్కడే ఉంది. జగన్నాథరావు పరుగున వచ్చాడు.

"ఏంటిది ఏసమ్మా! బస్తాల కాటా మీద మనుషులా? అసలు కడుపుతో ఉన్నోళ్ళని పనికి నేను రమ్మన్నానా?"

"రమ్మనలేదండి. ఒక్క చెయ్యి తగ్గినా ముఠానే మార్చేస్తానన్నారు. మీ కాయకి గింజ తేడా రానియ్యదు గదండీ ఈ కాటా. ఇయ్యాల మమ్మల్నీ తూచనీండి."

ఆడవాళ్ళు కాటా చుట్టూ దడి కట్టినట్టు నిలబడ్డారు. ఆయన వెనక్కి తగ్గాడు. ఐదుగురిలో ఒక్కరి బరువూ కార్డుతో కలవలేదు.

నిండు బస్తా నలభై రెండు. క్రిస్టినా నలభై మూడు.

"బస్తా కన్నా ఒక్క కిలో ఎక్కువ," ఏసమ్మ కోడల్ని చెయ్యి పట్టి దించుతూ అంది. "కడుపులో బిడ్డతో కలిపి."

ముఠా అంతా అంగన్‌వాడీ మీదికి నడిచింది. సలోమి గుమ్మంలోకి వచ్చింది.

"మిషను పాడై ఆరు నెలలైంది పిన్నీ. తక్కువ బరువోళ్ళు ఒక్కరున్నా నీ ఉద్యోగం ఉండదని సూపర్‌వైజరు..."

"ఆ ఉద్యోగం ఇప్పించింది ఎవరే?"

సలోమి గుమ్మంలోంచి వెనక్కి జరిగింది.

"జుట్టు పట్టి బయటికి లాగండే!" ఎవరో అరిచారు.

"ఆగండి!" ఏసమ్మ అడ్డం నిలబడింది. "దీన్ని కొట్టి మనం ఇళ్ళకి పోతే సూపర్‌వైజరు చల్లగా ఉంటది. తప్పులో నాకూ వాటా ఉంది. ముద్ద నేను తగ్గించా, అంకె ఇది పెంచింది. మొత్తం తిండి, కొత్త మిషను, నిజం బరువు వచ్చేదాకా ఇక్కడ్నుంచి కదిలేది లేదు."

పొయ్యిలో బొగ్గు తీసి అంగన్‌వాడీ గోడ మీద ఐదుగురి అసలు బరువులూ రాయించింది. చివర బొగ్గు సలోమి చేతిలో పెట్టింది. "రాయి. ఈసారన్నా నిజం రాయి."

'ఆరు నెలలుగా తూచలేదు. సలోమి.'

రాసి ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు.

సాయంత్రానికి పోలీసు జీపు వచ్చింది. సర్కారు గోడ పాడుచేసినందుకట. ఆరు నెలలు బిడ్డల కడుపు మాడ్చినోళ్ళ మీద ఏ జీపూ రాలేదు. ఏసమ్మను ఎక్కిస్తుంటే ఆమె తల బయటికి పెట్టి అరిచింది.

"అమ్మాయ్! కుండలో అన్నం ఉంది. అంతా తిను. నాకోసం ఉంచమాక!"

పొద్దున్నే గోడకు సున్నం కొట్టించారు. అదే పొద్దున పక్క పల్లెలో, ఇంకో రైతు చేలో, కాయల కాటా ముందు ఆడవాళ్ళు వరుస కట్టారు. ముందు నిలబడింది క్రిస్టినా. ఆమె చేతిలో బొగ్గు ఉంది.