మూడు గంటల అరెస్టు

పెద్ద బట్టల దుకాణం వెనక, ఖాళీ అట్టపెట్టెల గదిలో, దర్జీ స్టూలు మీద కూర్చుని మూడు గంటలైంది. తలుపు బార్లా తెరిచే ఉంది. అయినా అతను లేవలేదు. "నువ్వు అరెస్టు. కదిలావంటే కేసు ఇంకా పెద్దదవుతుంది" అన్నాడు దుకాణం గార్డు. 

పొద్దున లైనింగు గుడ్డ కోసం వచ్చాడు. రంగు సరిచూసుకోవడానికి ఇంటినుంచి తెచ్చుకున్న జిప్పుల కట్ట సంచిలో ఉంది. అవి దుకాణంవేనని గార్డు పట్టుకున్నాడు. దొంగతనం ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెడితే వదిలేస్తారట. పెడితే ఈ వీధిలో ఇక తన చేతికి గుడ్డ ఎవరిస్తారు? పెట్టకపోతే జైలేనా? అసలు అరెస్టయినవాడు మంచినీళ్లు అడగవచ్చా? దర్జీకి ఏమీ పాలుపోలేదు.

పాఠకులారా, విడ్డూరమేమిటంటే, ఆ గార్డు ఒంటిమీది యూనిఫాం మన దర్జీ కుట్టిందే. "భుజాలకి పట్టీలు పెడితే అచ్చం పోలీసులా ఉంటారు" అని సలహా ఇచ్చిందీ తనే. ఇప్పుడా పట్టీలు చూసే వణుకుతున్నాడు పాపం.

మొగుడు అరెస్టయ్యాడని పక్క కొట్టువాడు చెప్పగానే దర్జీ భార్య అన్నం క్యారియరు పట్టుకుని పోలీసు స్టేషన్‌కి పరుగెత్తింది. అక్కడ ఎవరూ ఎవర్నీ అరెస్టు చేయలేదు. సంగతేమిటో చూద్దామని హెడ్ కానిస్టేబులమ్మ ఆమె వెంట దుకాణానికి వచ్చింది.

"ఇతన్ని ఎవరు అరెస్టు చేశారు?"

"నేనేనండి" అన్నాడు గార్డు, కాస్త గర్వంగానే.

"దొంగతనం చేస్తుండగా కళ్లారా చూశావా?"

"సంచిలో కనిపించాయండి."

"కళ్లముందు నేరం జరిగి పట్టుకున్నా వెంటనే మాకు అప్పగించాలి. ఇలా కూర్చోబెట్టి సంతకం అడగడానికి నువ్వెవరు?"

గార్డు మేనేజరు గదివైపు చూశాడు. ఆ తలుపు మెల్లగా మూసుకుంది.

దర్జీకి ఇంకా అయోమయమే. "ఇంతకీ మేడం, నేను అరెస్టయ్యానా, కాలేదా?"

"కాలేదు బాబాయ్. యూనిఫాం వేసుకున్న ప్రతివాడికీ ఆ అధికారం ఉండదు. చట్టం ఎవరికిస్తే వాళ్లకే. మేమొచ్చి పట్టుకున్నా సరే, మీరెవరు, నన్నెందుకు పట్టుకుంటున్నారు అని అడగాలి. కారణం చెప్పడం, ఇంట్లోవాళ్లకి కబురు చెయ్యడం మా బాధ్యత. సరే, స్టేషన్‌కి పదండి."

దర్జీ లేచి రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆమెవైపు తిరిగి అడిగాడు.

"ఎందుకో చెప్పండి మేడం."

"ఈ గార్డు మీద ఫిర్యాదు రాసివ్వడానికి" అంది ఆమె. "అదీ మీకిష్టమైతేనే."