డి డ్రైవ్‌లో నాన్న గొంతు

ఒంగోలు ఆర్టీసీ డిపోలో భీమశంకర్ గారి గొంతు తెలియనివాడు లేడు. మైకు పాడైన రోజున కూడా నెల్లూరు బస్సు టైముకి కదిలేదంటే అది ఆ గొంతు చలవే. అలాంటి మనిషికి, రిటైరై అమెరికాలోని చాండ్లర్‌లో కూతురు భావన ఇంటికి వచ్చి స్థిరపడ్డాక, నరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు పట్టుకుంది. ముందు పోయేది మాటేనని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. మాట పోయింది, ఆ వెనకే కాళ్ళూ చేతులూ పోయాయి. కుడిచేతి బొటనవేలు ఒక్కటి మిగిలింది.

మాట పోకముందే అల్లుడు ఫణి ఒక మంచి పని చేశాడు. ఇన్సూరెన్స్ వాళ్ళిచ్చే మాట్లాడే మెషిన్‌కి ఇంగ్లీషు తప్ప రాదు. భీమశంకర్ గారికి ఇంగ్లీషులో దాహం వెయ్యదు కదా! అందుకని ఫణి మామగారిని మైకు ముందు కూర్చోబెట్టి, ఇంట్లో కావలసిన మాటలన్నీ ఆయన గొంతుతోనే తన పాత కంప్యూటర్లోకి ఎక్కించాడు. మంచినీళ్ళు, పక్కకి తిప్పండి, కఫం, ఆ టీవీ కట్టేయండిరా. "నా తిట్లు కూడా ఎక్కించవయ్యా, లేకపోతే ఈ కొంపలో నా మాట ఎవడు వింటాడు?" అని పెద్దాయన పట్టుబట్టి తిట్లు కూడా ఎక్కించుకున్నాడు. తెర మీద గళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పోతాయి. కావలసిన గడి వెలగగానే బొటనవేలితో బటన్ నొక్కితే ఆ మాట వినిపిస్తుంది. ఆ బటన్ మామూలు కాలింగ్ బెల్ బటనే. ప్రింటర్ తీగ దూర్చే చోట ఫణి దాని తీగ దూర్చాడు.

అలా రెండేళ్ళు గడిచాయి. 2003 ఎండాకాలం వచ్చేసరికి ఆ కంప్యూటర్‌కి కూడా ముసలితనం వచ్చేసింది. నొక్కిన మాట ఎప్పుడో గానీ పలికేది కాదు. ఒక మధ్యాహ్నం భావన గరాజ్‌లో బట్టలు డ్రయర్‌లో వేస్తుంటే లోపలి నుంచి "కఫం" అని వినిపించింది. పరుగెత్తుకెళ్ళి చూస్తే నాన్న పెదాలు నీలంగా ఉన్నాయి. ఆయన ఎప్పుడో నొక్కాడు, ఆ దిక్కుమాలిన కంప్యూటర్ తీరిగ్గా పలికింది. సక్షన్ గొట్టం పెట్టి కఫం లాగి, ఆయన ఊపిరి కుదుటపడ్డాక, భావన మంచం పక్కన నేల మీద కూలబడి ఏడ్చేసింది.

కొత్తది కొందామా అంటే, ఈ ప్రోగ్రామ్ కొత్త కంప్యూటర్ల మీద నడవదని ఫణి ఎప్పుడో చెప్పాడు. ఎందుకు నడవదో ఆవిడ అడగలేదు. ఆ ఫణి చూస్తే ఆఫీసు పని మీద మలేషియా వెళ్ళి పెనాంగ్‌లో కూర్చున్నాడు. ఇక భావన కనపడిన ప్రతివాణ్ణీ అడిగింది. ఆ ఆదివారం ఇంటికో వంట తెచ్చుకుని తినే పాట్‌లక్‌లో పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని తలా ఒక మాటా అన్నారు. ఇప్పుడున్న విండోస్ 98 అంటే రోజుకోసారి చచ్చి బతికేదే కదా అన్నారు. ఎమ్ఈ అయితే దానికన్నా అన్యాయం అన్నారు. ఎక్స్‌పీని మోసే ఓపిక ఆ పాత డొక్కుకి లేదన్నారు. ఒకాయన లినక్స్ అన్నాడు, ఎవరు వేస్తారంటే మజ్జిగ పులుసు గిన్నె వైపు జరిగాడు. చివరికి అందరూ తేల్చింది, విండోస్ 2000 బెస్ట్ అని. పాత మెషిన్‌కి తేలిక, మొండి ఘటం, చావదు.

"ఫార్మాట్ కొట్టేద్దాం వదినా," అన్నాడు నరసింహ. ఫణికి స్నేహితుడు, వరంగల్ వాడు, మంచివాడు. మన వాళ్ళ కంప్యూటర్ వైద్యంలో ఏ రోగానికైనా అదొక్కటే మందు, తుడిచేసి మళ్ళీ ఎక్కించడం. శనివారాలు ఇల్లిల్లూ తిరిగి ఈ వైద్యం చేసేది నరసింహే.

"నాన్న వాయిస్ ఫైల్స్ పోతాయేమో," అంది భావన.

"ఎట్ల పోతయ్? అన్నీ డి డ్రైవ్‌ల పెడత. సి ని మాత్రమే కొడత. డి ల ఉన్నయంటే దేవుని దగ్గర ఉన్నట్టే."

ఆ మాట విన్నాక భావనకి భయం పోయింది. తన కంప్యూటర్‌లో కూడా ఫొటోలన్నీ డి లోనే దాస్తుంది. మనవాళ్ళలో దాచనివాళ్ళెవరు?

శనివారం పొద్దున్నే వచ్చి నరసింహ అన్నట్టే చేశాడు. 2000 కళకళలాడుతూ లేచింది. మౌస్‌తో గడి మీద నొక్కాడో లేదో, "ఆ టీవీ కట్టేయండిరా!" అని డిపో గొంతు ఖంగుమంది. భార్య రాజేశ్వరమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చి, "హమ్మయ్య, మళ్ళీ ఆ కేకలు!" అంది. భీమశంకర్ గారి కళ్ళు నవ్వాయి. నరసింహ ఆయన బొటనవేలి కింద బటన్ పెట్టాడు.

ఆయన నొక్కాడు. టక్కుమంది, అంతే. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ టక్కే. గళ్ళు తమ మానాన తాము వెలుగుతూ పోతున్నాయి. ఆయన కళ్ళలో నవ్వు పోయి భయం వచ్చింది. భావన పెనాంగ్‌కి ఫోన్ కొట్టింది.

"2000 వేశారా?" ఫణి నిద్రమత్తు వదిలిపోయింది. "అయ్యో, నన్నొక్క మాట అడగొద్దా? 98 తలుపుల్లేని ఇల్లు భావనా, మన ప్రోగ్రామ్ తిన్నగా ప్రింటర్ పోర్ట్ దాకా వెళ్ళి బటన్ చూసుకుంటుంది. 2000, ఎక్స్‌పీ వాచ్‌మన్ ఉన్న అపార్ట్‌మెంట్లు, లోపలికి పోనివ్వవు. అందుకే ఆ 98నే ఉంచాను. మళ్ళీ 98 వేయమను."

"గంతే కదా, ఇప్పుడే ఏస్త," అన్నాడు నరసింహ. అతని సంచీలో 98 సీడీ లేదు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన రికవరీ సీడీ ఫణి సొరుగులో దొరికింది. అది పెట్టగానే తెర మీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలేవో వచ్చాయి. ఇన్ని వందల ఇళ్ళల్లో ఇన్నిసార్లు చూసిన ముక్కలే కదా అని, అతను చదవకుండానే అవునని వై కొట్టాడు. భావన పక్కనే నిలబడి చూస్తోంది. ఆవిడా చదవలేదు.

98 వచ్చింది. కొన్ననాడు ఎలా ఉందో అలా వచ్చింది. సి ఉంది. డి లేదు.

నరసింహ కుర్చీలోంచి లేచాడు. "వదినా... ఇది సి, డి కలిపి డిస్క్ మొత్తం ఒక్కటి చేసింది, డి ల ఉన్నయన్నీ పోయినయ్," అన్నాడు.  "అంటే? నరసింహా, అంటే ఏంటి? నాన్న ఏడీ?" అని భావన అరిచింది. ఏం అడుగుతోందో ఆవిడకే తెలియదు.

పక్క ఊరు టెంపేలో పోయిన ఫైళ్ళు వెనక్కి లాగే అతని దగ్గరికి ఒళ్ళో డిస్క్ పెట్టుకుని వెళ్ళారు. దాని మీద కొత్త 98 వచ్చి కూర్చుంది, కింద ఉన్నది పోయిందని అతను తేల్చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు భావన క్యామ్‌కార్డర్ టేపులన్నీ తిరగేసింది. అన్నిట్లోనూ మేళాలూ, ఎవరెవరివో నవ్వులూ. నాన్న కనిపించిన ప్రతిచోటా నోట్లో లడ్డూ ఉంది. ఫణి ప్రోగ్రామ్ ఈమెయిల్లో పంపాడు. 98 మీద అది చక్కగా నడిచింది, బటన్ నొక్కిన మరుక్షణం అందుకుంటోంది. పలకడానికి మాటలే లేవు. ఏ కంప్యూటర్ ఆలస్యం చేస్తోందని భావన ఇంత చేసిందో, అది ఇప్పుడు క్షణం ఆలస్యం చెయ్యడం లేదు.

నాన్నకి చెప్పాల్సింది తనే. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెప్పింది. "నా పోయేకాలం నాన్నా. నేనే చేశాను." ఆయన కళ్ళు మూసుకున్నాడు. తిట్టడానికి కూడా ఆయన దగ్గర ఏమీ లేదు. 

రాజేశ్వరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ లాక్కుంది. "ఏడుస్తూ కూర్చుంటే ఆయనకి కఫం అడ్డం పడితే ఎవరు పిలుస్తారే? ఆ మైకు ఇలా పెట్టండి. నేను చెప్తాను."

"నువ్వా అమ్మా?"

"ఆయన మాటలు నాకు రావేమిటే? నలభై ఏళ్ళు పడ్డదాన్ని."

నరసింహ రికార్డ్ నొక్కుతూ వచ్చాడు. ఆవిడ ఒక్కో మాటా ఆయన అన్నట్టే అంది, ఆ విరుపుతో, ఆ విసురుతో. "కాఫీయా అది, కుడితా?" అంది. "తెలివి తెల్లారినట్టే ఉంది!" అంది. మొగుడి తిట్లతో తనని తనే తిట్టుకుంది, ఒక్కటీ మరిచిపోలేదు. "అమ్మడూ" దగ్గర తడుముకోనే లేదు. కూతుర్ని ఆవిడ పిలిచేదీ అదే కదా.

ఆఖరి గడి మిగిలింది. "ఒసేయ్ రాజ్యం." ఆవిడ మైకు దగ్గరికి వంగింది, నోరు తెరిచింది, ఆగిపోయింది.

"చెప్పమ్మా, అయిపోతుంది."

"అది నా వల్ల కాదే." ఆవిడ మైకు పక్కకి తోసేసింది. "తిట్టుకోమంటే తిట్టుకున్నాను. నన్ను నేనే పిలుచుకోమంటే ఎట్లాగే? అది ఆయనది. వదిలెయ్యండి దాన్ని."

ఆ గడి ఖాళీగానే వదిలేశారు. మర్నాటి నుంచి బటన్ టక్కుమంటే ఏదో ఒక మాట వినిపించేది. టక్కుమని ఏ మాటా రాకపోతే మాత్రం రాజేశ్వరమ్మ చేతిలో పని అలాగే పడేసి, "వస్తున్నానండీ" అంటూ పరుగెత్తేది. ఆవిడకి అందులో ఏం వినిపించేదో ఆవిడకే తెలియాలి.

వారం తిరక్కుండా ఒక సాయంత్రం భావన ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తోంది. "అమ్మడూ" అని పిలుపు వినిపించింది. "ఆఁ, వస్తున్నా అమ్మా," అంటూ తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. రాజేశ్వరమ్మ పప్పు ఎనుపుతూ తలెత్తి చూసింది.

"నేను పిలవలేదే," అంది. "మీ నాన్న."