గోల్‌పోస్టు ముందు మాడిన గడ్డి

వాసనకే వదినకు అనుమానం వచ్చింది. చేతిలోని నీళ్ళ పైపు కింద పడేసి, మైదానం అంచున నిలబడి ముక్కు ఎగబీల్చింది.

"కోళ్ళ ఫారం ఇక్కడికి నడిచొచ్చిందా ఏంటి?"

గోల్‌పోస్టుకి చేరగిలబడి చెమట తుడుచుకుంటున్న మరిది గర్వంగా నవ్వాడు.

"సర్‌ప్రైజ్ వదినా! నువ్వు భోజనానికి వెళ్ళిన టైములో చల్లేశా. అసలు సిసలు సేంద్రియ ఎరువు. మా ఫ్రెండు ఫారం నుంచి ఇవాళే ఎత్తించుకొచ్చా. ఆదివారానికి ఈ మూల నిగనిగలాడకపోతే నా పేరు మార్చుకుంటా."

వదిన నీడలో ఉన్న సగం బస్తా దగ్గరికి నడిచింది.

"లోపలికి చెయ్యి పెట్టు."

"ఛీ, దాంట్లోనా?"

"చల్లినప్పుడు లేని ఛీ ఇప్పుడెందుకు? పెట్టు."

పెట్టాడు. చటుక్కున లాగేసుకున్నాడు. బస్తా నీడలోనే ఉంది, లోపల మాత్రం కుంపటిలా ఉంది.

"మాగలేదు ఇది. పైనుంచి ఎండ, కిందనుంచి నీ సర్‌ప్రైజు. గడ్డి పాపం ఎటు పారిపోతుంది?"

సేంద్రియమంటే మంచిదే, మంచిదైతే ఎంత వేసినా మంచిదే అనుకున్నాడు మరిది. ఆ క్లబ్బు ఫుట్‌బాల్ మైదానం బాధ్యత వదినది. ఆదివారం కార్యదర్శి చూడటానికి వస్తున్నాడు. ఈ ఎండల్ని గడ్డి తట్టుకుంటే సరే, లేకపోతే మొత్తం పీకించి ప్లాస్టిక్ గడ్డి పరిపిస్తానని ముందే చెప్పాడు. ప్లాస్టిక్‌కి నీళ్ళు పట్టేవాళ్ళు అక్కర్లేదు. అంటే వదిన కూడా అక్కర్లేదు.

తిట్లకి సిద్ధపడి తల వంచుకున్నాడు. తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే వదిన అప్పటికే చొక్కా చేతులు పైకి మడిచి మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డిలోంచి ఎరువు ఉండలు ఏరుతోంది.

"బొమ్మలా నిలబడకు. చీపురు తే. గట్టిగా బరక్కు, పైపైన ఊడ్చు."

ఊడ్చారు, ఏరారు, ఎత్తిపోశారు. తర్వాత వదిన పైపు అందుకుని ధార మెత్తగా పడేలా మూతికి వేలు అడ్డం పెట్టింది. మూల మొత్తం తడిపింది. నీరు ఇంకేదాకా ఆగింది. మళ్ళీ తడిపింది.

"ఎండలో నీళ్ళు పోయకూడదని నువ్వేగా చెప్పావు?"

"ఒంటికి నిప్పంటుకుంటే మంచి టైము చూసుకుంటావా? ఘాటు కిందకి దిగిపోవాలి. పట్టుకో పైపు."

పొద్దు వాలే వేళకి మరిది చేతులు వాచిపోయాయి. వదిన మాత్రం పాత నీడవల ఒకటి లాక్కొచ్చి, ఆ మూలకి పందిరిలా కట్టింది. కట్టి, ఏమీ జరగనట్టు రేపటి పనికి దిగింది. మాగిన కంపోస్టు మూటకట్టి డ్రమ్ములో నానబెట్టడం, తెల్లారాక ఆ నీటిని పలుచటి టీ రంగులోకి వచ్చేదాకా నీళ్ళు కలిపి చల్లడం, ఎండాకాలమంతా ఆమె చేసే వంట ఇదే.

"ఇంత పలచగానా వదినా?" మర్నాడు చల్లుతుంటే అడిగాడు మరిది.

"జ్వరమొచ్చినవాడికి ఎవరైనా విందు పెడతారా? కొంచెం కొంచెం పెట్టాలి."

శనివారం ఆ మూల కొసలు పసుపెక్కాయి. సాయంత్రానికి గోధుమరంగులోకి తిరిగాయి.

"పచ్చరంగు స్ప్రే కొట్టేద్దామా?" అన్నాడు మరిది, ఏడుపొక్కటే తక్కువ.

"ముందు నీ బుర్రకి కొట్టుకో."

"పోనీ, నేనే చేశానని కార్యదర్శికి చెప్పేస్తా."

"నువ్వు నోరు తెరవకు. తెరిస్తే మిగతా మైదానం కూడా మాడిపోతుంది."

ఆదివారం కార్యదర్శి ప్లాస్టిక్ గడ్డి ముక్క ఒకటి చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. మైదానమంతా తిరిగాడు. పచ్చదనం మెత్తగా పాదాలకి తగులుతుంటే ముఖం విప్పారింది. గోల్‌పోస్టు దగ్గర ఆగిపోయాడు.

"ఇదేంటమ్మా?"

వదిన నీడవల తనే ఎత్తి చూపించింది.

"మాడింది సార్. పచ్చి ఎరువు పడింది. మా ఇంట్లో ప్రేమ కాస్త ఎక్కువ. ఆకులు పోయాయి. వేళ్ళు పోకుండా చూశాను. పీకి చూడండి."

ఆయన వంగి, మాడిన పోచలు గుప్పిట పట్టి లాగాడు. ఎండిన కొసలు తెగి చేతిలోకి వచ్చాయి. మొదళ్ళు కదల్లేదు. మళ్ళీ లాగాడు. ఊహూఁ. వేళ్ళతో పాయ తీసి చూశాడు. మొదట్లో సూదిమొనంత పచ్చ.

"ఇది ఎప్పటికి తేరుకుంటుంది?"

"ఎండ చేతిలో ఉంది, మాటివ్వలేను. నెల చూడండి. తేరుకోకపోతే మీ ప్లాస్టిక్ పరుచుకోండి, నేనే దగ్గరుండి పరిపిస్తా."

బతిమాలుతున్న గొంతు కాదది. మరిది నోరెళ్ళబెట్టాడు. ఉద్యోగం అంచున నిలబడి కూడా మనిషి ఇంత నిటారుగా మాట్లాడగలదని అతనికి ఇప్పుడే తెలిసింది.

కార్యదర్శి చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. మాడినచోట కాలు ఆనించి చూశాడు. కింద చల్లగా ఉంది. నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నెలెందుకు, సీజనంతా చూడండి. మళ్ళీ మాడితే మాత్రం దాచకుండా ఇలాగే చూపించాలి."

చంకలోని ప్లాస్టిక్ ముక్క తీసి మరిది చేతిలో పెట్టాడు. "దీన్ని మీ పైపుల గది గుమ్మంలో వేసుకోండి, కాళ్ళు తుడుచుకోడానికి పనికొస్తుంది."

ఆయన గేటు దాటేదాకా మరిది కదల్లేదు. వదినని ఏదో పొగడబోయాడు.

"ఏంటా చూపు?" అంది వదిన. "ఎండ ముదురుతోంది. ఆ వల మళ్ళీ కట్టు."