లేచే కారు

ధర్మవరంలో కార్లకు కరువేమీ లేదు. కానీ స్టార్ట్ చేయగానే, పడుకున్న ఎద్దు లేచినట్టు లేచి నిలబడే కారు మాత్రం పట్టుచీరల నారాయణప్ప ఇంట్లోనే ఉండేది. పాండిచ్చేరికి చీరలు తీసుకుపోయే నారాయణప్ప, స్వదేశానికి పోతున్న ఒక ఫ్రెంచి దొర దగ్గర దాన్ని కొన్నాడు. పేరు సిట్రోయెన్. ఊళ్లో ఎవరికీ నోరు తిరగక లేచే కారు అన్నారు.

దానికి స్ప్రింగులు లేవు. డబ్బాలో పోసే ఒక ఎర్రనూనె, ఆ నూనె ఒత్తిడి, అంతే. ఇంజిన్ ఆపి వదిలేస్తే మెల్లగా పొట్ట నేలకు ఆనేలా కుంగిపోతుంది. స్టార్ట్ చేస్తే మొదట వెనక భాగం, ఆ తర్వాత ముందు భాగం పైకి లేస్తాయి. లారీ మెకానిక్ తిప్పేస్వామి పదిహేనేళ్లుగా దాన్ని చూసుకుంటున్నాడు. అయినా అది లేచే ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి వేసి ఊపిరి బిగబట్టేవాడు. దేవుడి ముందు కూడా అతను అంత వినయంగా నిలబడింది ఎవరూ చూడలేదు.

నారాయణప్ప చనిపోయిన ఏడాదే, ఆయన ఉండగానే, నూనె గొట్టం పగిలి, ఎర్రనూనె అంతా నేలపాలైంది. గొట్టం అతికించడం తిప్పేస్వామికి పెద్ద పని కాలేదు. నూనె ఎక్కడిది? మద్రాసు, బెంగళూరు, పాండిచ్చేరి, చెప్పులరిగేలా తిరిగాడు. దొరకలేదు. మామూలు బండ్లకు వాడే నల్లనూనె పోసి చూడమని దారిన పోయేవాళ్లందరూ సలహాలిచ్చారు. ఉచితంగా వచ్చేవి సలహాలే కదా. కానీ నారాయణప్ప మంచాన పడ్డాక, పోయేముందు ఒకే మాట చెప్పాడు.

"నల్లనూనె చుక్క గూడా పోయద్దు తిప్పేస్వామీ. లోపల రబ్బరంతా చెడిపోతాది."

ఆ మాట మీద తిప్పేస్వామి రెండేళ్లు నిలబడ్డాడు. ప్రతి శుక్రవారం వచ్చి ఇంజిన్ తిప్పేవాడు. ఇంజిన్ చక్కగా పాడేది, కారు మాత్రం లేచేది కాదు. బ్రేకులకు కూడా ఆ నూనే కాబట్టి నడపడానికీ లేదు.

నారాయణప్ప కొడుకు దివాకర్‌కు ఓపిక నశించింది. కారున్న షెడ్డులో ఇంకో రెండు మగ్గాలు వేయాలి. 1979 దసరాకు పాత ఇనుము వాళ్లతో మాట్లాడేశాడు. దశమి పొద్దున లారీ వస్తుంది, కారును ముక్కలు చేసి ఎక్కించుకుపోతుంది. అతని తల్లి భద్రమ్మ వాదించలేదు.

"పనిముట్టు ఏదైనా సరే, పూజ చేసినాక ఒగసారి పని చేయించి పంపల్ల," అంది అంతే.

ఆ ఇంట్లో ఆచారం అది. నవమినాడు మగ్గాలు, కత్తెర్లు, తక్కెడ అన్నిటికీ నూనె పెట్టి, బొట్టుపెట్టి విశ్రాంతినిస్తారు. దశమి పొద్దున ఒక్కోదాన్నీ కొంచెం కదిలించి మళ్లీ పనిలోకి దించుతారు. మగ్గం మీద నాడె ఒకసారి విసరాలి, కత్తెరతో ఒక పోగు తెంపాలి.

దశమి పొద్దున కారు పొట్ట నేలకానించి, బంతిపూల దండ వేసుకుని ఉంది. చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలున్నాయి. కడసారి ఇంజిన్ తిప్పడానికి తిప్పేస్వామి ముందు మూత ఎత్తాడు. నూనె డబ్బా మూత తీసి చూసి కొయ్యబారిపోయాడు. డబ్బా నిండుగా ఉంది.

"దీంట్లో ఎవురు ఏం పోసినారమ్మా?"

"నేనే పోసినా. ఆముదం," అంది భద్రమ్మ. "మగ్గానికి పూస్తి, కత్తెరకు పూస్తి. దీనికి యాడ పూయల్లనో తెలీలా. మూత తీసి చూస్తే పాపం ఎండిపోయి ఉండాది. వడగట్టే పోసినాలే."

ఆ ఏడు వానల్లేక వేరుశనగ మాడిపోయింది. కొత్తచెరువు దగ్గరి వాళ్ల చేను గట్టున ఆముదం చెట్లు మాత్రమే కాశాయి. ఆ గింజలు గానుగాడించి తెచ్చిన నూనె అది.

 రెండేళ్లు కాపాడింది ఇందుకా అనిపించింది తిప్పేస్వామికి. డబ్బాలో వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అలాగే నిలబడిపోయాడు. దొరల డబ్బాల మూత తీసినప్పుడల్లా వచ్చిన వాసన ఇదే. పదిహేనేళ్లు పీల్చాడు. రంగు ఎర్రగా ఉండటం వల్ల, పరాయి దేశం నుంచి రావటం వల్ల, అది చిన్నప్పుడు అమ్మ తన తలకు రుద్దిన నూనె వాసనేనని ఒక్కసారీ తోచలేదు. తన తెలివికి తనకే సిగ్గేసింది.

అప్పటికే లారీ వచ్చి వాకిట్లో ఆగింది. దివాకర్ కారు వెనక డిక్కీ మీద, కారుకు వీపు పెట్టి కూర్చుని, ఎక్కడ కోయాలో లారీ డ్రైవరుకు చెబుతున్నాడు.

తిప్పేస్వామి స్టార్ట్ చేశాడు. ఇంజిన్ వేడెక్కింది. కారు కదల్లేదు. నూనె చిక్కన, గొట్టాలు సన్నన. ఐదు నిమిషాలు గడిచాయి.

"చాల్లే అన్నా, ఆచారం అయిపాయ కదా," అన్నాడు దివాకర్.

"ఇంగొంచెం సేపు ఉండప్పా," అన్నాడు తిప్పేస్వామి. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

ఇంజిన్ పక్కన పంపు టక్కుమంది. మళ్లీ టక్కుమంది. కారు కింద ఎవరో నిట్టూర్చినట్టు సన్నగా చప్పుడైంది. వెనక భాగం లేవడం మొదలైంది.

మాటల మధ్యలో దివాకర్ కాళ్లు నేలను విడిచాయి.  కారు అతన్ని ఎత్తుకుని జానెడు లేచింది, ఇంకో నాలుగు వేళ్లు లేచింది. తర్వాత ముందు భాగం లేచింది. బంతిపూల దండ ఊగింది. మగ్గాల గుంటల్లోంచి నేతగాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చి చుట్టూ నిలబడ్డారు. లారీ డ్రైవర్ తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. తిప్పేస్వామి ఎప్పటిలాగే ఒక అడుగు వెనక్కి వేశాడు. ఈసారి చేతులు వాటంతటవే జోడైనాయి.

దివాకర్ దిగలేదు. ఐదేళ్ల వయసులో నాయన అతన్ని సరిగ్గా అక్కడే కూర్చోబెట్టి, గట్టిగా పట్టుకో అని చెప్పి, పోయి స్టార్ట్ చేసేవాడు. ఇప్పుడు కూడా రెండు చేతులతో డిక్కీ అంచు గట్టిగా పట్టుకుని ఉన్నాడు. అది అతనికే తెలియదు. భద్రమ్మ చూసింది.

"నువ్వు పోప్పా," అన్నాడు దివాకర్ లారీ డ్రైవరుతో, తల తిప్పకుండానే.

లారీ పోయింది. అప్పుడు దివాకర్ అడిగాడు, మెల్లగా.

"తిప్పేస్వామన్నా, ఒగసారి దించి, మళ్లా లేపుతావా?"