కోడలి క్లాసులో అత్త

ఆస్పత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్లుగా దుప్పట్లు ఉతికి మడతపెడుతున్న ఆమెకి యాభై మూడో ఏట ఇంగ్లీషు గ్రామర్‌తో పని పడింది. సూపర్‌వైజరమ్మ రిటైరవుతోంది. ఆ కుర్చీ ఈమెదేనని అందరూ అన్నారు. ఇంతలో కొత్త రూలొచ్చింది: సూపర్‌వైజరు రోజూ నాలుగు ముక్కల రిపోర్టు ఇంగ్లీషులో రాయాలి. అందుకు ముందొక పరీక్ష.

కోడలు సాయంత్రాలు ముందుగదిలో ఎనిమిదిమంది పిల్లలకి ఇంగ్లీషు చెబుతుంది. రెండు రోజులు అత్త వంటగది గుమ్మంలో ఉల్లిపాయలు తరుగుతున్నట్టు నటిస్తూ విన్నది. మూడోరోజు కోడలే పిలిచింది.

"ఇలా చాప మీదకి రండి అత్తయ్యా. అక్కణ్ణించి బోర్డు కనబడదు."

"పిల్లలు నవ్వుతారేమోనే."

"నవ్వనివ్వండి. నన్ను చూసీ నవ్వుతారు."

ఆరో తరగతి పిల్ల పక్కన నోటుబుక్కుతో కూర్చుంది. అంతా బాగానే సాగింది గానీ, 'హి', 'షి' వస్తే క్రియ చివర ఎస్ పెట్టాలన్న చోట ఆమెకి తలప్రాణం తోకకొచ్చింది.

"ఐ ఫోల్డ్, యూ ఫోల్డ్. మనిద్దరం మడతపెడితే లేని తోక, ఆవిడ మడతపెడితే ఎందుకు?"

"ఆవిడ మన మాటల్లో లేదుగా. పక్కమనిషని గుర్తు పెట్టారనుకోండి."

శనివారం కోడలు పెట్టిన పరీక్షలో అత్తకి పదికి నాలుగొచ్చాయి. రెండు రోజులు ముభావంగా తిరిగింది. మూడోరోజు డాబా మీద బట్టలు తీస్తుంటే కోడలు అడిగింది, "కోపమొచ్చిందా?"

"నాలుగొచ్చినందుకు కాదు. అదే తప్పుకి పక్కపిల్లకి అర మార్కు వేశావు, నాకు సున్నా చుట్టావు. సొంత అత్తనని కూడా చూడలేదు."

"ఆ పిల్లకింకా బోలెడు టైముంది. మీ పరీక్ష వచ్చే వారమే. అర మార్కిస్తే ఆ తప్పుతోనే వెళ్లిపోతారు."

అత్త దుప్పటి రెండో కొస ఆమె చేతికిచ్చింది.

ఆ వారమంతా ఇద్దరూ ఇంట్లోవాళ్ల మీద వాక్యాలు కట్టారు. కొడుకు మధ్యాహ్నం కునుకు తీస్తూ గురకపెడుతుంటే, "హి స్నోర్స్" అంది అత్త. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "గ్రామరూ కరెక్టే, విషయమూ కరెక్టే" అంది.

ఆస్పత్రి పరీక్షలో, ఇంట్లో ఒకరి గురించి ఐదు వాక్యాలు రాయమన్నారు. దిద్దిన కాగితం తెచ్చి ఆమె కోడలి చేతిలో పెట్టింది. మా కోడలు పిల్లలకి పాఠం చెబుతుంది. అందరికన్నా ఆఖర్న తింటుంది. నా మందులు గుర్తుపెట్టుకుంటుంది. నా తప్పులు నాకు చూపిస్తుంది. నన్ను చాప మీద కూర్చోబెట్టుకుంటుంది. ఇవన్నీ ఇంగ్లీషులో, వంకర అక్షరాల్లో.

"ఎన్నిచ్చారు?" అంది కోడలు.

"ఎనిమిది. నువ్వైతే ఆరిచ్చేదానివి."

"ఏడు" అంది కోడలు ముక్కు తుడుచుకుంటూ.

సోమవారం ఆమె కొత్త కుర్చీలో కూర్చుంది. మొదటి రిపోర్టుకి గంటన్నర పట్టింది.