మా గోడకు మేకు నిషిద్ధం

పెళ్లయిన కొత్తలోనే మాకు సొంత ఇల్లు దొరికింది. వులాంగాంగ్‌లో, సముద్రపు ఉప్పుగాలి తగిలే వీధిలో, పాతకాలపు ఆస్‌బెస్టాస్ రేకుల గోడల ఇల్లు. బాత్రూంలో కుళాయి తిప్పితే ఏనుగు ఘీంకరిస్తుంది. నాకు ఆ ఇల్లంటే ప్రాణం. మా ఆయన రోరీ అన్నా ప్రాణమే, కాకపోతే ఆ తర్వాత.

గోడలు పరీక్షించడానికి వచ్చినావిడ ఒక్కటే చెప్పింది: "రంగు బాగుంది, పగుళ్లు లేవు. తొలిచి, గీకి ఊపిరితిత్తులు పాడుచేసే దుమ్ము లేపకండి. మీరు దాని జోలికి పోకపోతే అది మీ జోలికి రాదు."

కొత్త మొగుడు, ఉన్న ఒక్క జత ఊపిరితిత్తులు. రెండూ నాకు చాలాకాలం పనికి రావాలి. సరేనన్నాను.

ఆదివారం మా మామగారు క్లైవ్ దిగారు. ఒక చంకలో బీరు పెట్టె, రెండో చంకలో తాను స్వయంగా పట్టి, ఎండబెట్టి, వార్నిష్ పూయించిన బారమండి చేప. మా పెళ్లి కానుక. పెళ్లి ఫొటోల్లో రోరీలాగే నోరు తెరుచుకుని ఉంది. మామగారి నడుముకు డ్రిల్లు.

"సోఫా పైన బిగిద్దాం. చిటికెలో పని."

"ఆ గోడకు బెజ్జం పెట్టకూడదు క్లైవ్. ఆస్‌బెస్టాస్."

"అయితే ఏంటమ్మాయ్? కుర్రతనంలో దీన్ని రంపంతో కోసేవాణ్ని. ఆ దుమ్ములోనే శాండ్‌విచ్ తినేవాణ్ని. నాకేమైంది?" అంటూనే దగ్గారు. "ఇది సిగరెట్ల దగ్గు!"

"పోనీ, ఒక్క చిన్న బెజ్జం..." అని నసిగాడు రోరీ.

"నువ్వు నోర్మూసుకో, బంగారం."

డ్రిల్లు గుర్రుమంది. నేను పరుగున వెళ్లి గోడకు వీపు ఆనించి చేతులు చాపాను.

"ముందు నన్ను తొలువు."

డ్రిల్లు ఆగింది. మామగారి మొహం వాడిపోయింది.

"చేప నచ్చలేదని చెప్పొచ్చుగా."

గాలానికి చిక్కినట్టున్న ఆ మొహం చూస్తే చేపకన్నా ముందు ఆయన్నే నీళ్లలో వదలాలనిపించింది. నిజానికి ఆ చేప నాకు తెగ నచ్చింది. అంత వికారమైన వస్తువు మా స్నేహితుల ఇళ్లల్లో ఎక్కడా లేదు.

"నచ్చింది కాబట్టే దానికి పెద్ద చోటు చూశాను. రా."

పెరట్లో ఒంటి స్తంభం మీద గొడుగులా విచ్చుకుని, గాలికి తిరిగే బట్టల తీగ కింద ఆయన్ని నిలబెట్టాను. ఆయన కాసేపు తీగను, కాసేపు నన్ను చూశారు. తర్వాత జేబులోంచి గాలం దారం తీసి, నాలిక బయటపెట్టి మరీ, శ్రద్ధగా ముడులు వేసి చేపను తీగకు వేలాడదీశారు.

గాలి వీచింది. ఆరేసిన రోరీ చడ్డీల మధ్య నుంచి బారమండి ఠీవిగా ఈదుకుంటూ వచ్చింది. పక్కింటి కుక్క మొరగడం మరిచిపోయింది. క్లైవ్ నవ్వు ఆపుకోలేక బీరు పెట్టె మీద కూలబడ్డారు.

"మరి వాన పడితేనో?" అన్నాడు రోరీ.

మామగారు కొడుకు వంక జాలిగా చూశారు.

"చేపరా అది."